గీత దాకా నీళ్ళు

పెద్ద చంద్రుడు నిండిన రోజు

అక్కా, ఇవాళ కూడా పైకప్పు తుడిచాను. లేవగానే నువ్వు అడిగేది అదేనని తెలుసు కాబట్టి ముందే రాసి పెడుతున్నాను. పొడుగు కర్రకి పాత చీర ముక్క చుట్టి, ఐదు తొట్ల మీదా రాతికప్పుకి పట్టిన చెమటంతా అద్ది, బకెట్లోకి పిండి, పుదీనా మడికి పోశాను. మెడ పట్టేసింది. నువ్వేమో వెచ్చటి ఉప్పునీళ్ళలో వెల్లకిలా తేలుతూ, నీలో నువ్వే ఏదో గొణుక్కుంటూ, మహారాణిలా నిద్రపోతున్నావు. వచ్చే వేసవి నాది. అప్పుడు కర్ర నీ చేతికొస్తుంది, గొణుగుడు నాకొస్తుంది.

పైన ఎండ అలాగే ఉంది. ఈ వేసవికి ఇది రెండో ఏడు. వీధి తలుపు సందులోంచి వెలుగు పడేచోట రాయి ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. కొండ లోపల మన వీధి మాత్రం చల్లగానే ఉంది. ఉన్న గింజలూ నీళ్ళూ మెలకువగా ఉన్నవాళ్ళకి బొటాబొటిగా సరిపోతున్నాయి. ఇంటికొకరు వేసవంతా తొట్లో పడుకోబట్టి గానీ, లేకపోతే ఈపాటికి ఒకళ్ళ చెంబు ఒకళ్ళం లాక్కునేవాళ్ళం.

సాయంత్రం మున్నేరు తాత వచ్చాడు. స్వర్ణముఖి అవ్వ తొట్టిలో చెంబుడు నీళ్ళు పోసి, ఆనవాయితీ ప్రకారం ఆ రోజు కబురొకటి ఆవిడ చెవిలో వేశాడు. ఇవాళ్టి కబురు ఆయన పన్నూడటం. ఆ తర్వాత నన్ను కేకేశాడు.

"కిన్నెరా, ఇట్రావే. మా ముసిల్ది ఎంత పైకి తేలిందో చూడు! వానొస్తోందని దానికి తెలిసిపోయింది."

నిజమే. అవ్వ భుజాలు నీళ్ళ పైకి వచ్చాయి. నీవి కూడా వచ్చాయి. ఐదుగురూ అంతే. కబురు తెలిసి వీధంతా వచ్చి చూసి మురిసిపోయింది. పడుకున్నవాళ్ళు తేలికపడితే తొలకరి దగ్గరపడ్డట్టేనని చిన్నప్పటినుంచీ వింటున్నదేగా. తాత అయితే అక్కడే రెండు చిందులేశాడు, మోకాళ్ళ నొప్పులూ ఆయనా.

తొట్టి లోపలి గీత చూశాను. ఐదు తొట్లలోనూ నీళ్ళు సరిగ్గా గీత దాకా ఉన్నాయి. పడుకోబోయే ముందు నువ్వు నా చెవిలో జోరీగలా చెప్పిందదే. ఆవిరై తగ్గినంతా వచ్చేపోయేవాళ్ళ చెంబులతో నిండుతుంది, గీత దాకా నీళ్ళుంటే దేనికీ భయం లేదు అన్నావు. నాకూ భయం లేదు.


చిన్న చంద్రుడు కనపడని రోజు

గుండ్లకమ్మత్త పప్పు తెచ్చింది. మూడో తొట్టిలో ఉన్న వాళ్ళాయనకి చెంబుడు నీళ్ళు పోసి, నా పక్కన చతికిలబడింది.

"లోతు ఊట నీళ్ళు మొదలెట్టిన కాణ్ణించీ పప్పులో ఉప్పు సగమేసినా సరిపోతోందే పిల్లా. కలిసొచ్చింది," అంది.

దాచిన వాననీళ్ళు వేసవి మొదట్లోనే అడుగంటాయి కదా. అప్పట్నుంచీ తాగేదీ వండేదీ తొట్లలో పోసేదీ అన్నీ ఊట నీళ్ళే. మొదట్లో అదోరకంగా అనిపించేవి, ఇప్పుడు నాలుక అలవాటు పడిపోయింది. ఈ మాట విని నువ్వే గుర్తొచ్చావు. నా వంట నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ "ఉప్పెక్కువైందే" అని మొహం ముడిచేదానివి. నాకు బుద్ధి తెలిసినప్పట్నుంచీ ఒక్కరోజన్నా బాగుందన్న పాపాన పోలేదు. ఇప్పుడు సగమే వేస్తున్నాను తల్లీ. లేచి తిని చూడు.

అత్త వెళ్ళాక నీ చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళు ముడతలు పడ్డాయి. గుడ్డలుతికినప్పుడు పడే ముడతల్లాంటివే, కానీ ఇన్నాళ్ళూ లేవు. గొణుగుడు కూడా తగ్గింది. నిన్నటిదాకా నిద్రగదిలో కూచుంటే నీ గొణుగుడుకి నాక్కూడా కళ్ళు మూతలు పడేవి. పడుకున్నవాళ్ళ కలలు ఆవిరిలో కలిసి మనకంటుకుంటాయంటారు చూడు, అలా నాక్కూడా కాసేపు ఎక్కడిదో పచ్చగడ్డి వాసన వచ్చేది. ఇవాళ ఎంతసేపు కూచున్నా ఏ వాసనా రాలేదు.


మర్నాడు

నీళ్ళు పలచబడ్డాయేమోనని అనుమానం పట్టుకుంది. పలచటి నీళ్ళలో నానితేనే కదా వేళ్ళు ముడతలు పడేది? గోడమీద నువ్వు చెక్కించిన కొలత ఉండనే ఉంది: లీటరుకి రెండు వందల గ్రాములు. అంటే నూటికి ఇరవై.

అందుకని నీ తొట్టిలోంచి నీళ్ళు తీసి, త్రాసులో కచ్చితంగా వంద గ్రాములు తూచి, నిప్పుల మీద మూకుట్లో పోసి ఇగరబెట్టాను. అడుగున మిగిలిన ఉప్పు తూస్తే పంతొమ్మిదికి కాస్త పైన తేలింది. చూశావా, తగ్గింది! నేను అనుకున్నదే నిజమైందని ఎంత సంబరపడ్డానో. లెక్కగట్టి, సామాన్ల కొట్లో ఉన్న మూడు కిలోల ఉప్పూ తెచ్చి, నీ తొట్టిలో నెమ్మదిగా కలిపాను. మిగతా నాలుగు తొట్లకి పై వీధినుంచి ఉప్పు తెప్పించాలి.

నీ నుదుటి మీద ముద్దు పెట్టి, "సరిచేశానే" అని ఇవాళ్టి కబురు చెప్పాను.


పెద్ద చంద్రుడు తరుగుతున్న రోజు

అక్కా, నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు.

పొద్దున్నే వచ్చి చూస్తే నువ్వు ఛాతీ దాకా నీళ్ళ పైకి వచ్చేసి ఉన్నావు. నీళ్ళు తాకే చోట చర్మం మీద తెల్లటి పొర కట్టింది. గొణుగుడు పూర్తిగా ఆగిపోయింది. పిలిచాను, గిల్లాను, చెవిలో అరిచాను. కనురెప్ప కింద ఎప్పుడూ ఆడే ఆ కదలిక కూడా లేదు. వెనక తాత చప్పట్లు కొడుతున్నాడు, "మీ అక్క అందరికంటే ముందు లేచేట్టుందే" అంటూ. నాకు ఒళ్ళు మండింది గానీ ఆయన్నేమనగలను?

ఉప్పు వేసిన తర్వాత ముడతలు తగ్గాలి కదా, ఎక్కువెందుకయ్యాయి? మళ్ళీ కొలుద్దామని నీళ్ళు తీశాను. చేతికి త్రాసు గిన్నె అందలేదు. వంటింటి కొలత గ్లాసు అందింది, వంద మిల్లీలీటర్లది. దాన్నిండా నీ తొట్టి నీళ్ళు ముంచి, ఊరికే చూద్దామని త్రాసులో పెట్టాను. గ్లాసు బరువు పోగా వంద గ్రాములుండాలి. నూట పద్నాలుగు దాటింది.

అప్పుడు వెలిగింది నా బుర్రకి. వంద మిల్లీలీటర్లు వంద గ్రాములు తూగేది ఉత్తనీళ్ళే. ఉప్పునీళ్ళు బరువు కదా! నువ్వు గోడమీద చెక్కించింది లీటరుకి ఇన్ని గ్రాములని. నేనేమో లీటరు మాట మర్చిపోయి వంద గ్రాముల ద్రావణం తూచుకుని కూచున్నాను. ఆ వంద గ్రాములు గ్లాసులో పోస్తే నిండనే నిండదు. కొలవాల్సింది గ్లాసుతో, తూచింది త్రాసుతో. ఇలాంటి తింగరి పని ఈ వీధిలో నేను తప్ప ఇంకొకరు చెయ్యరు.

ఈసారి గ్లాసుతో కొలిచి ఇగరబెట్టాను. మిగతా నాలుగు తొట్లలో లీటరుకి రెండు వందల ఇరవై గ్రాములుంది. నీ దాంట్లో, నా పుణ్యమా అని, ఇంకో ఏడెనిమిది ఎక్కువ. పలచబడటం కాదు, చిక్కబడింది. మామిడి ముక్కలు ఉప్పులో వేస్తే ఊట దిగినట్టు, ఆ నీళ్ళు నీ ఒంట్లో తడిని లాగేస్తున్నాయి. అవ్వ భుజాలు తేలింది వాన తెలిసి కాదు. చిక్కటి నీళ్ళు ఎత్తిపెడుతున్నాయి, అంతే.

అయితే ఈ ఎక్కువ ఉప్పు ఎక్కణ్ణించి వచ్చింది? లీటరు ఊట నీళ్ళు ఇగరబెట్టి చూశాను. మూకుట్లో నాలుగు గ్రాముల ఉప్పు మిగిలింది. గుండ్లకమ్మత్త పప్పు రుచి రహస్యం అదీ. ఆవిరైపోయేది ఉత్తనీరు. పైనుంచి పడే ప్రతి చెంబులో నాలుగు గ్రాములు. నీళ్ళు వెళ్ళిపోతాయి, ఉప్పు ఉండిపోతుంది, గీత మాత్రం ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది. రెండేళ్ళు ఆ గీత చూసి గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నాను.

కింద వీధిలో మన చిన్నప్పుడు ఒకాయన తొట్టి ఇలాగే చిక్కబడింది. తొలకరి వచ్చింది, అందరూ లేచారు. ఆయన లేవలేదు. నాకు వేరే ఏమీ అక్కర్లేదు అక్కా, నువ్వు లేవాలి. వానాకాలం కొద్ది నెలలే మనిద్దరం కలిసి మెలకువగా ఉండేది. అది కాస్తా పోతే నేను ఎవరితో పోట్లాడాలి?


అదే రోజు సాయంత్రం

వీధిలో అందరినీ నిద్రగదికి పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నేను మూడు కిలోలు కలిపిన సంగతీ చెప్పాను. ఎవరూ తిట్టలేదు, అదే ఇంకా బాధగా ఉంది. ఇకమీదట ఊట నీళ్ళు పోయొద్దు అనగానే మాత్రం తాత లేచాడు.

"పొయ్యకుండా ఎట్టా ఉంటానే? రోజూ నా చెంబు కోసం అది ఎదురుచూస్తా ఉంటది."

"తాతా, ఆ చెంబే అవ్వని ఎండబెడుతోంది."

"నా చెయ్యా?" అన్నాడు. చెంబు కింద పెట్టి, చేతులు చూసుకుంటూ గోడకి ఆనుకుని కూచున్నాడు. ఆ మాట అంత మొహమ్మీద అనకుండా ఉండాల్సింది. నాకు ఏడుపొచ్చింది.

గుండ్లకమ్మత్త ఉపాయం చెప్పింది. "పోనీ, ఉప్పునీళ్ళు కాసిని తోడి పారేద్దాం."

"తోడితే నీళ్ళు తగ్గుతాయి గానీ చిక్కదనం తగ్గదత్తా. పప్పు ఉప్పగా ఉంటే రెండు గరిటెలు తీసేస్తే మిగతాది చప్పబడుతుందా?"

"పడదు. నీళ్ళు కలపాలి."

"ఆఁ. ఉప్పు లేని నీళ్ళు."

నేలమీద బొగ్గుతో లెక్క వేసి చూపించాను. తొట్టికి నాలుగు వందల లీటర్లు. లీటరుకి రెండు వందల చొప్పున ఎనభై కిలోల ఉప్పుండాలి. ఉన్నది ఎనభై ఎనిమిది. ఎక్కువున్న ఎనిమిది కిలోలంత ఉప్పు ముప్ఫై ఆరు లీటర్ల తొట్టినీళ్ళలో ఉంటుంది. అన్ని లీటర్లు తోడేసి, బదులుగా అన్నే లీటర్ల ఉత్తనీళ్ళు పోస్తే తొట్టి కుదుటపడుతుంది. నీ తొట్టికి నలభై ఎనిమిది కావాలి. అన్నీ కలిపి ఇంచుమించు రెండు వందల లీటర్లు.

"రెండొందల లీటర్ల ఉత్తనీళ్ళు!" అని అత్త నోరు తెరిచింది. ఉన్నదంతా ఊట నీళ్ళే. కాచి ఆవిరి పట్టుకుందామంటే వంటకి మించి ఒక్క పుల్ల లేదు. పైకెళ్ళి ఎండలో ఆరబెట్టి ఆవిరి పట్టుకొద్దామంటే, ఈ ఎండలోకి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చింది లేదు. వాన ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. అందరూ ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. తాత మాత్రం ఖాళీ చెంబు ఒళ్ళో పెట్టుకుని అక్కడే ఉన్నాడు.


మర్నాడు పొద్దున్న

ఎంత దిగులున్నా పైకప్పు తుడవాలి కదా. తుడవకపోతే కలలో అయినా తిడతావు. కర్ర పట్టుకుని తల పైకెత్తి అద్దుతుంటే, గుడ్డలోంచి జారిన చుక్క తిన్నగా నా పెదవి మీద పడింది. తుడుచుకోబోతూ నాలుకతో నాకాను.

చప్పగా ఉంది!

కర్ర పడేసి కేకలు పెట్టాను. తాత ఉలిక్కిపడి లేచి, "పామా? పామా?" అన్నాడు. ఇక్కడ పాములెక్కడివి తాతా అని ఆయన భుజాలు పట్టుకుని ఊపేశాను. ఉప్పు కింద ఉండిపోయింది, సరే. ఆవిరైన నీళ్ళు ఎక్కడికి పోయాయి? మన నెత్తిమీదే ఉన్నాయి! చల్లటి రాతికి తగిలి, మళ్ళీ నీళ్ళై, రోజూ చుక్కలు చుక్కలుగా వేలాడుతున్నాయి. రెండేళ్ళుగా నేను వాటిని తిట్టుకుంటూ తుడిచి, పిండి, పుదీనాకి పోస్తున్నాను. ఇన్ని వేల లీటర్ల అమృతం తాగిన పుదీనా ఈ లోకంలో ఇంకోటి ఉండదు.

"అంటే ఇవి మా ముసిల్దాని నీళ్ళేనా?" అని తాత కప్పు కేసి చూశాడు.

"అవ్వవే. మా అక్కవీ. అందరివీ."

ఆయన కర్ర తీసుకుని అవ్వ తొట్టి మీద కప్పు అద్దటం మొదలుపెట్టాడు.


చిన్న చంద్రుడు మళ్ళీ కనపడ్డ వారం

వీధిలో ఇప్పుడు ఒకటే పని. ప్రతి ఇంట్లోనూ రాతికప్పే కదా, వంటావిరి పట్టేది, ఊపిరి పట్టేది. అందరూ కర్రలకి ఉతికిన గుడ్డలు చుట్టి కప్పులు తుడుస్తున్నారు. తెల్లారేసరికి నిద్రగది గుమ్మంలో చెంబులు బారు తీరుతున్నాయి. ఒకరి నీళ్ళలో చింతపండు వాసన, ఒకరి నీళ్ళలో ఇంగువ తిరగమోత, ఒకరింట్లో చంటిపిల్ల పాలవాసన. నేను ప్రతి చెంబూ నాలుకతో చూసి లోపలికి రానిస్తున్నాను. గుండ్లకమ్మత్త నన్ను చూసి ముక్కున వేలేసుకుంది, అందరి ఎంగిలీ చేస్తున్నావు కదే అని.

మొదట పోగైన నీళ్ళు ఒక్క తొట్టికే వస్తాయి. ఎవరికి పొయ్యాలి? నీకే పొయ్యమని అరవాలని ఉంది. కానీ నీ తొట్టి అంత చిక్కబడింది నా వల్ల. అందుకు అవ్వని వెనక్కి నెట్టనా?

తాతే అన్నాడు. "మీ అక్కకి పొయ్యవే. దానిదే బాగా చిక్కగా ఉంది."

"మరి అవ్వ?"

"దానికి ఓపికెక్కువ. నలభై ఏళ్ళు నన్ను భరించింది, నాలుగు రోజులు ఉప్పు భరించలేదా?" అని తన చెంబు తనే తెచ్చి నీ తలవైపు పోశాడు. నేను మొహం తిప్పుకున్నాను.

ఒక్కసారిగా పొయ్యకూడదు, పడుకున్నవాళ్ళు బెదురుతారు. ఓ చెంబు తోడటం, ఓ చెంబు పొయ్యటం. తోడిన నీళ్ళు కూడా పారబొయ్యట్లేదు, అత్త వాటిని నిమ్మకాయలు ఊరెయ్యటానికి వాడుకుంటానంది.


ఇంకో రోజు

మధ్యాహ్నం నీ తొట్టి గట్టుకి తల ఆన్చి కునుకు తీశాను. కలొచ్చింది. మన పేర్లన్నీ పాత భూమ్మీది ఏరుల పేర్లంటారు కదా, నాగావళీ, కిన్నెరా, మున్నేరూ. ఏరు అంటే ఏంటో మనమెవరం చూడలేదు. కలలో చూశాను. చాలా నీళ్ళు, తొట్టి లేదు, గీత లేదు, ఎవరూ కొలవట్లేదు. ఎటో వెళ్ళిపోతున్నాయి, అయినా తరగట్లేదు. నువ్వు మోకాలి లోతులో నడుస్తూ నాకంటే ముందున్నావు. ఎంత పిలిచినా వెనక్కి చూడలేదు. గాల్లో ఇంగువ వాసన, చింతపండు వాసన, పాల వాసన.

మెలకువొచ్చేసరికి నీ భుజాలు నీళ్ళలోకి దిగి ఉన్నాయి. పైకి తేలితే చిందులేసిన వీధి, ఇవాళ మీరు మునిగారని పండగ చేసుకుంది. గ్లాసుతో కొలిచాను. ఐదు తొట్లలోనూ లీటరుకి రెండు వందలు. సరిగ్గా ఉంది.

నువ్వు మాత్రం ఇంకా గొణగట్లేదు.


తొలకరి

వానొచ్చింది అక్కా! కొండంతా మోగిపోతోంది. వీధి తలుపులు బార్లా తెరిచారు. తడిసిన మట్టి వాసనకి అత్త ఏడ్చేసింది.

దోసిళ్ళతో వాననీళ్ళు తెచ్చి పడుకున్నవాళ్ళ మొహం మీద పోశాం. అవ్వ ముందు లేచింది. తాతని ఎగాదిగా చూసి, "పన్నేదయ్యా?" అంది. ఆయన బోసినోటితో నవ్వుతూ ఏడుస్తూ ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. తర్వాత అత్త మొగుడు లేచాడు, ఆ తర్వాత మిగతా ఇద్దరూ.

నువ్వు లేవలేదు.

మళ్ళీ పోశాను. మళ్ళీ పోశాను. చీకటి పడకముందే అందరూ తమవాళ్ళని నడిపించుకుంటూ ఇళ్ళకి వెళ్ళిపోయారు. తాత ఉంటానన్నాడు, నేనే పంపేశాను. గుండె రాయి చేసుకుని పొయ్యి ముట్టించాను. మేలుకున్నవాళ్ళకి మొదటి ముద్ద పెట్టాలి కదా, మేలుకోకపోయినా నీకు పెట్టకుండా నేను తినలేను. కొత్త వాననీళ్ళతో పప్పు వండి, అన్నంలో కలిపి, మెతుకంత ముద్ద చేసి నీ పెదవుల మధ్య పెట్టాను. "నాగక్కా, తిను" అన్నాను. నీ పెదవులు కదల్లేదు. పప్పు గడ్డం మీదికి జారింది. తుడిచి, ఇంకోటి పెట్టాను.

చాలాసేపటికి నీ కనుబొమలు దగ్గరికొచ్చాయి. మొహం ముడిచావు. ఆ ముడవటం నాకు తెలుసు, పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే.

"ఏంటే ఇది," అన్నావు, కళ్ళు తెరవకుండానే. "ఉప్పే లేదు."

రెండేళ్ళు ఊట నీళ్ళకి అలవాటు పడ్డ చెయ్యి. వాననీళ్ళ పప్పులో కూడా సగమే వేశాను. నీ తొట్టి గట్టు పట్టుకుని, వీధంతా వినపడేలా బావురుమన్నాను.

"ఏడ్చింది చాల్లే," అన్నావు. "వెళ్ళి ఉప్పు పట్రా."